రెండో శనివారం, ఏడున్నరకి

మాది తొండుపల్లి. ఎక్కడ అని అడిగితే "శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కన" అంటాను, అందరికీ అర్థమైపోతుంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలయ్యేనాటికి నాకు ఊహ తెలీదు. అందుకే విమానం చప్పుడు లేని మా ఊరు ఎలా ఉండేదో మా నాయనమ్మ చెప్తేనే నాకు తెలుసు.

పోయిన ఏడాది నేనూ, మన క్లబ్బులో ఇంకో ముగ్గురూ కలిసి మా ఊళ్లో నెలకో సినిమా వేయడం మొదలుపెట్టాం. ప్రతి నెలా రెండో శనివారం, రాత్రి ఏడున్నరకి, మా చిన్నాయన ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో. టికెట్ లేదు. చాయ్ మాత్రం ఉంటుంది. "అదెలా నడుస్తుంది? మా ఊళ్లో కూడా పెట్టొచ్చా?" అని చాలామంది అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. దాంతోపాటు మూడో నెలలో మేము చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. ఆ తప్పు చేశాకే నాకు ఫిల్మ్ సొసైటీ అంటే ఏంటో అర్థమైంది.

ఇది కొత్త ఐడియా ఏం కాదు

ఫిల్మ్ సొసైటీ అంటే థియేటర్ కాదు. ఫ్యాన్స్ అసోసియేషన్ అసలే కాదు. కొంతమంది సభ్యులుగా చేరి, తలా కొంత చందా వేసుకుని, మామూలుగా థియేటర్లకి రాని సినిమాలు తెప్పించుకుని, అనుకున్న రోజున కలిసి చూసి, చూశాక కూర్చుని మాట్లాడుకుంటారు. అంతే.

లండన్‌లో 1925లోనే ఇలాంటి సొసైటీ ఒకటి పుట్టింది. మన దేశంలో బాగా పేరొచ్చింది 1947లో మొదలైన కలకత్తా ఫిల్మ్ సొసైటీకి. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్లు పెట్టారు. అప్పటికి రాయ్ డైరెక్టర్ కాదు, ఒక యాడ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. 1950లో ఆ ఉద్యోగం మీదే లండన్ వెళ్లి, అక్కడున్న కొన్ని నెలల్లో దాదాపు వంద సినిమాలు చూశారు. అందులో ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్' చూశాక, స్టార్లు లేకుండా, సెట్లు లేకుండా కూడా సినిమా తీయొచ్చని ఆయనకి ధైర్యం వచ్చింది. అలా 1955లో 'పథేర్ పాంచాలి' వచ్చింది.

1959లో దేశంలోని సొసైటీలన్నీ కలిసి ఒక ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి. రాయే దానికి అధ్యక్షుడు. మొదట్లో అందులో చేరిన ఊళ్ల లిస్టు చూడండి: కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, పాట్నా, రూర్కీ. చివరిది గమనించారా? రూర్కీ అంటే ఇంజినీరింగ్ చదువులకి పేరున్న ఊరు! కాబట్టి "ఇంజినీరింగోళ్లకి సినిమాలెందుకు" అని ఎవరైనా అంటే ఈ ఒక్క ముక్క చెప్పండి.

మన హైదరాబాద్‌కి వస్తే, తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ ఉస్మానియాలో చదువుకునే రోజుల్లోనే ఇక్కడ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. తర్వాత 1974లో ఆయన తీసిన మొదటి ఫీచర్ సినిమా 'అంకుర్' మన తెలంగాణ పల్లె కథే. ఆ తర్వాత హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వచ్చింది, కరీంనగర్‌లో ఫిల్మ్ సొసైటీ వచ్చింది. 2010 నుంచి బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో ఎవరైనా వెళ్లి సినిమా చూసి, చాయ్ తాగి, వాదించుకోవచ్చు.

అప్పట్లో సినిమా అంటే రీళ్లు. రేకు డబ్బాల్లో పెట్టి ఊరి నుంచి ఊరికి పంపేవాళ్లు. కొన్ని పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి, కొన్ని విదేశీ ఎంబసీల నుంచి వచ్చేవి. సభ్యులకి మాత్రమే చూపిస్తామంటే, సెన్సార్ కాని విదేశీ సినిమాలకి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చేది. ఆ మినహాయింపు కోసమే సభ్యత్వం తీసుకున్న "కళాభిమానులు" కూడా చాలామందే ఉండేవాళ్లని, ఆనాటి పెద్దవాళ్లని కదిలిస్తే నవ్వుతూ ఒప్పుకుంటారు.

కేరళలో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. జాన్ అబ్రహం అనే డైరెక్టర్, ఆయన స్నేహితులు 1984లో 'ఒడెస్సా' అనే బృందం పెట్టి, ఊరూరా తిరిగి సినిమాలు చూపించి, జనం దగ్గరే చందాలు పోగుచేశారు. ఆ డబ్బుతో 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. దాన్ని మళ్లీ ఆ జనం దగ్గరికే తీసుకెళ్లి చూపించారు.

తర్వాత టీవీ వచ్చింది, సీడీ వచ్చింది, నెట్ వచ్చింది. సొసైటీలు పలచబడ్డాయి. ఇప్పుడు ప్రపంచ సినిమా మొత్తం జేబులో ఉంది. మరి ఇంక సొసైటీ ఎందుకు? మా హాస్టల్ రూమే చెప్తుంది: నలుగురం, నాలుగు మంచాలు, నాలుగు ఫోన్లు, నాలుగు సినిమాలు. నవ్వొస్తే ఎవడికి వాడే నవ్వుకుంటాడు. సినిమాలకి కరువు లేదు, పక్కన కూర్చునే మనిషికే కరువు.

ఏ సినిమా వేయొచ్చు?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. "యూట్యూబ్‌లో ఉంది కదా, వేసేద్దాం" అనుకుంటారు. యూట్యూబ్‌లోనో, ఓటీటీలోనో మనింట్లో చూసుకోవడం వేరు, నలుగురిని పిలిచి చూపించడం వేరు. రెండోదానికి హక్కుదారు అనుమతి కావాలి. టికెట్ పెట్టకపోయినా కావాలి.

మనకి పనికొచ్చే దారులు మూడున్నాయి.

ఒకటి, కాలేజీ లోపల. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా, స్టాఫ్, స్టూడెంట్స్, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లకి మాత్రమే సినిమా చూపిస్తే అది ఉల్లంఘన కాదు. కానీ గేటు దాటి మా ఊళ్లో వేస్తే ఈ మినహాయింపు వర్తించదు.

రెండు, పాత సినిమాలు. మన చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైట్, విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన 'మాయాబజార్'కి ఆ లెక్కన 2017తో గడువు అయిపోయింది. 1948 నాటి 'బైసికిల్ థీవ్స్'కి ఎప్పుడో అయిపోయింది. అయితే ఒక జాగ్రత్త: సినిమా మీద హక్కు వేరు, అందులోని పాట, సంగీతం, కథల మీద హక్కులు వేరు. వేరేవాళ్లు చేసిన సబ్‌టైటిల్స్ మీద కూడా హక్కు ఉండొచ్చు. అనుమానం ఉంటే అడగడం మంచిది.

మూడు, అడగడం. ఇది అనుకున్నంత కష్టం కాదు. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1979 నాటిది. బి. నర్సింగరావు గారి 'దాసి' 1988 నాటిది. అరవై ఏళ్ల లెక్క ప్రకారం మొదటిదానికి ఇంకా చాలా ఏళ్లు, రెండోదానికి 2048 దాకా ఆగాలి. అంతదాకా మా నాయనమ్మని ఆగమనలేను. అందుకే ఇలాంటి సినిమాలకి ఉత్తరం రాయడమే దారి. షార్ట్ ఫిల్మ్స్, డాక్యుమెంటరీలు తీసేవాళ్లయితే, చూపిస్తామంటే సంతోషంగా ఒప్పుకుంటారు. కొందరు స్వయంగా వచ్చి కూర్చుంటారు కూడా.

వీటితో పాటు ఇంకో రూలు: రాత్రి పది దాటాక ఆరుబయట మైకు వాడకూడదు. కాబట్టి ఏడున్నరకి మొదలుపెడితే సినిమా, చర్చ అన్నీ పదిలోపు అయిపోవాలి. జనం చేరతారు కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పి, కాగితం ఇచ్చి రండి.

తెర, చప్పుడు, చదువు రానివాళ్లు

తెరకి మొదట దుప్పటి కట్టాం. గాలికి హీరో మొహం ఊగింది. రెండో నెలకల్లా చిన్నాయన ఇంటి పక్కగోడకి తెల్ల సున్నం కొట్టేశాం. గోడ ఊగదు, మడత పడదు, ఎవరూ ఉతకక్కర్లేదు.

ప్రొజెక్టర్ లెక్క మనోళ్లకి తేలికే. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్‌తో పది అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు బొమ్మ వేస్తే చదరపు అడుగుకి 40 ల్యూమెన్లు పడతాయి. "ఇంకా పెద్దగా వేద్దాం అన్నా" అని ఎవడో ఒకడు అంటాడు. వెడల్పు ఇరవై అడుగులు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, వెలుగు పదికి పడిపోతుంది. వీధిలైటు ముందు అది బొమ్మ కాదు, నీడ. ఇంకో మంచి విషయం: క్లాసుల్లో పక్కన పడేసిన పాత నాలుగు-మూడు నిష్పత్తి ప్రొజెక్టర్లు పాత సినిమాలకి దాదాపు అతికినట్టు సరిపోతాయి.

బొమ్మ కింది అంచు నేల నుంచి కనీసం నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. లేకపోతే ముందు కూర్చున్నవాళ్ల తలలు సబ్‌టైటిల్స్‌ని మింగేస్తాయి.

చప్పుడు సంగతి మా ఊళ్లో ప్రత్యేకం. విమానం పోయిందంటే ఆ డైలాగు పోయినట్టే. అందుకే మొదటి నెల చాప్లిన్ 'ది కిడ్' పెట్టాం. మాటలే లేని సినిమాకి ఏ విమానం ఏం చేస్తుంది? యాభై అరవై మంది పిల్లలొచ్చారు. గోల గోల. మేము గెలిచేశాం అనుకున్నాం.

రెండో నెల 'బైసికిల్ థీవ్స్'. ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. సినిమా ఇటాలియన్‌లో, దొరికే సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో. చూసేది ఎవరు? ఎయిర్‌పోర్టులో లోడింగ్ పని చేసేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, హౌస్‌కీపింగ్‌కి పోయే ఆడవాళ్లు, మా నాయనమ్మ లాంటివాళ్లు. కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ మేమే రాసుకున్నాం. ఒకసారి కనిపించేది రెండు లైన్లకి మించకూడదు, నిండా రెండు లైన్లుంటే ఓ ఆరు సెకన్లు తెర మీద ఉండాలి. ఈ రూలు పెట్టుకుని కూర్చుంటే తెలుగులో ఎన్ని మాటలు అనవసరంగా వాడతామో తెలిసొస్తుంది. "నాకు ఈ సైకిల్ లేకపోతే ఉద్యోగం ఉండదు" అని మొదట రాశాం. చివరికి "సైకిల్ లేదంటే పనిలేదు" దగ్గర ఆగాం.

మరి చదవడం రానివాళ్ల మాటేంటి? మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. జపాన్‌లో అతన్ని 'బెన్షి' అనేవాళ్లు, అదో పెద్ద వృత్తి. మా ఊరి బెన్షిని నేనే. మైకు పట్టుకుని తెర పక్కన నిలబడి లైన్లు చదివాను. విమానం వస్తే ఆగి, పోయాక మళ్లీ అందుకోవడం.

లైట్లు వేశాక

సినిమా గంటన్నర. మొదట్లో నలభై మంది ఉంటే చివరికి పదిహేడు మంది మిగిలారు. పాటల్లేవు, ఫైట్లు లేవు, నలుపు తెలుపు. నాకు చెమటలు పట్టాయి.

కథ మీకు తెలిసే ఉంటుంది. యుద్ధం తర్వాతి రోమ్‌లో ఆంటోనియోకి గోడలకి పోస్టర్లు అతికించే పని దొరుకుతుంది. సైకిల్ ఉంటేనే పని. సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య ఇంట్లో దుప్పట్లన్నీ కుదువ పెట్టి దాన్ని విడిపిస్తుంది. పనిలోకి దిగిన మొదటిరోజే సైకిల్ పోతుంది. కొడుకు బ్రూనోని వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. దొరకదు. చివరికి తనే ఇంకొకరి సైకిల్ ఎత్తుకుపోబోయి, కొడుకు కళ్లముందే పట్టుబడతాడు. సైకిల్ యజమాని పిల్లాడి మొహం చూసి వదిలేస్తాడు. ఆంటోనియోగా చేసినాయన నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు.

లైట్లు వేశాం. నేను ఇంటర్నెట్‌లో చదివి ప్రిపేర్ చేసుకున్న నియోరియలిజం ఉపన్యాసం జేబులో ఉంది. దాన్ని తీసేలోపే వెనక నుంచి ఒకామె అంది: "ఆయమ్మ దుప్పట్లు వెట్టింది. నేను పుస్తెలతాడే వెట్టిన, వీని బండి కోసం." పక్కనే ఉన్న కొడుకు తల దించుకున్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అతనికి ఎయిర్‌పోర్టులో పని దొరికినప్పుడు రాత్రి షిఫ్టుకి బస్సుల్లేక, బండి ఉంటేనే రమ్మన్నారట.

తర్వాత మాట మీద మాట వచ్చింది. ఆంటోనియో చేసింది తప్పా, కాదా? "ఆకలైతే తప్పేముందన్నా" అని ఒకరు, "ఆడు ఎత్తుకపోతున్న సైకిల్ గూడ ఎవనిదో కూలోనిదే గద" అని ఇంకొకరు. అప్పటిదాకా మాట్లాడని, మా వీధి చివరింటి తాత లేచారు. ఆయన ఇంటి నుంచి తన ప్లాస్టిక్ కుర్చీ తనే మోసుకొచ్చుకున్నారు.

"పోలీసోళ్లకు వట్టిస్తే అయిపోతుండె. గా పోరడు సూసిండు గదా, గదే పెద్ద శిక్ష. ఇంకేం జేస్తరు వాన్ని?"

ఎవరూ ఏమీ అనలేదు. పైన విమానం పోయింది. నా ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక సలహా. చర్చ నడిపేవాళ్లు "దర్శకుడు ఏం చెప్పదలుచుకున్నాడు?" అని అడగకండి. అది పరీక్షలో ప్రశ్న, జనం నోరు మూసుకుంటారు. "మీరైతే ఏం చేద్దురు?" అని అడగండి. మైకు చేతికి ఇవ్వకండి, కుర్చీలు గుండ్రంగా జరపండి. చాయ్ సినిమా అయ్యాకే పోయండి, ముందు పోస్తే తాగి వెళ్లిపోతారు.

మూడో నెల

మూడో నెల రెండో శనివారం, సోమవారం నుంచి మిడ్ ఎగ్జామ్స్. వాట్సాప్ గ్రూపులో "ఈ నెల షో లేదు, సారీ" అని పెట్టేశాం. పదిహేను థంబ్స్అప్‌లు వచ్చాయి. మా మనసు కుదుటపడింది.

పరీక్షలయ్యాక ఇంటికెళ్లాను. నాయనమ్మ అన్నం పెడుతూ అంది: "శనివారం నాడు తాత కుర్చేసుకొని గోడ ముంగట కూసున్నడు రా. ఎనిమిదిన్నర దాంక. నలుగురు ఆడోళ్లు గూడ వచ్చిండ్రు. లేదంట, పొండ్రి అని నేనే చెప్పొచ్చిన."

మా గ్రూపులో ఉన్నది మన క్లబ్బువాళ్లు, ఊళ్లో కొంతమంది కుర్రాళ్లు. తాతకి స్మార్ట్‌ఫోనే లేదు. పుస్తెలతాడు కుదువ పెట్టినామె కూడా గ్రూపులో లేదు. ఎవరి కోసమైతే సబ్‌టైటిల్స్ రాసుకున్నామో, వాళ్లకి ఒక్క మాట చెప్పాలని మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

సారీ చెప్పడానికి తాత ఇంటికెళ్లాను. "ఏం గాదు తియ్ బిడ్డా. కరెంట్ పోయిందేమో అనుకున్న" అన్నారు. కోపం పడితే బాగుండనిపించింది.

నాలుగో నెల షో వేశాం. ఆరుగురొచ్చారు. తాత రాలేదు.

ఆయన చిన్నప్పుడు ఎడ్లబండి కట్టుకుని డేరా టాకీసుకి పోయేవాళ్లట. ఏ సినిమా అని చూసేవాళ్లు కాదట. డేరా ఉందా లేదా అన్నదే లెక్క. అది విన్నాక నాకు మొత్తం విషయం తిరగబడి కనిపించింది. మేము మంచి సినిమా ఎంచుకోవడమే అసలు పని అనుకున్నాం. సబ్‌టైటిల్స్, ల్యూమెన్లు, చట్టం, అన్నీ నేర్చుకున్నాం. కానీ సినిమా గురించి ఏమీ తెలియని మనిషి కుర్చీ మోసుకుని ఎందుకు వస్తాడు? పోయిన నెల ఉంది కాబట్టి ఈ నెలా ఉంటుందన్న నమ్మకంతో వస్తాడు. ఆ నమ్మకం కలగడానికి రెండు షోలు సరిపోయాయి. పోవడానికి ఒక్క రోజు చాలు.

అప్పట్నుంచి రూల్స్ మార్చాం. తేదీ మారదు. వాన పడితే చిన్నాయన వరండాలో చిన్న బొమ్మ వేస్తాం. ఒక్క మనిషి వచ్చినా వేస్తాం. ప్రొజెక్టర్ నడపడం మా నలుగురితో ఆగిపోకుండా, ఊళ్లో ఇంటర్ చదివే ఇద్దరమ్మాయిలకి నేర్పించాం. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్లి చెప్తాం, వాట్సాప్ దాని తర్వాతే. గోడ మీద, బొమ్మ పడే చోటుకి కింద, నీలం రంగుతో "రెండో శనివారం, ఏడున్నర" అని రాయించాం. సినిమా పేరు రాయం.

ఐదో నెల చెప్పడానికి వెళ్తే తాత గడపలోనే అడిగారు: "ఉంటదా ఈసారి?"

"ఉంటది తాతా."

ఆయన రాలేదు. ఆరో నెల కూడా అదే ప్రశ్న, అదే జవాబు. ఏడో నెల, సినిమా మొదలై పది నిమిషాలయ్యాక, వెనక కుర్చీ కాళ్లు నేలకి ఆనిన చప్పుడు వినిపించింది. నేను తిరిగి చూడలేదు, లైను చదువుతున్నాను.

ఇప్పుడు నాది ఫైనల్ ఇయర్. వచ్చే రెండో శనివారం నాకు బెంగళూరులో ఇంటర్వ్యూ ఉంది. ఆ రోజు మైకు పట్టుకునేది ఆ ఇద్దరమ్మాయిల్లో చిన్నది. నిన్న రాత్రి ఫోన్ చేసి, "అన్నా, విమానం వస్తే ఎంతసేపు ఆగాలి?" అని అడిగింది.

మీకు వీలైతే రండి. సినిమా ఉంటుంది.